లాప్‌టాప్‌లో పాట, వాయిద్యం ఆలస్యం లేకుండా వినిపించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు, చర్చిల్లో, ఫంక్షన్లలో లాప్‌టాప్ పెట్టుకుని కీబోర్డు వాయించేవాళ్ళు బాగా పెరిగారు. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెప్పాలి. డబ్బు పెట్టే ముందు ఆలస్యం ఎక్కడ పుడుతోందో కనిపెట్టండి. చాలామంది విషయంలో తప్పు సౌండ్ కార్డుది కాదు.

లాప్‌టాప్‌లో ఉన్న సౌండ్ కార్డు తీయించి మంచిది వేయించుకోవచ్చాండి?

కుదరదు. లాప్‌టాప్‌లో విడిగా కార్డు అంటూ ఏమీ ఉండదు. మదర్‌బోర్డు మీదే టంకం వేసిన చిన్న చిప్పు ఉంటుంది, ఎక్కువ లాప్‌టాప్‌లలో అది రియల్‌టెక్ వాళ్ళది. సినిమా చూడ్డానికి, వీడియో కాల్ మాట్లాడ్డానికి అది చాలు. దాన్ని ఊడదీసి మంచి చిప్పు వేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. పాత లాప్‌టాప్‌లకి పక్కన పీసీఎంసీఐఏ, ఎక్స్‌ప్రెస్ కార్డు అని స్లాట్లు ఉండేవి, వాటిలో పెట్టే సౌండ్ కార్డులు వచ్చేవి. కొత్తవాటికి ఆ స్లాట్లే లేవు. ఇప్పుడు అప్‌గ్రేడ్ అంటే యూఎస్‌బీకి బయట తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న పెట్టె, కొనుక్కోవడమే.

అసలు ఈ లేటెన్సీ, అంటే ఆలస్యం, ఎక్కడ పుడుతుంది?

మన కాలువల మీద లాకులు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా బుర్రకెక్కుతుంది. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీళ్ళు సమానమయ్యేదాకా ఆపి, అప్పుడు అవతలి తలుపు తీస్తారు. కంప్యూటరు కూడా శబ్దాన్ని వచ్చింది వచ్చినట్టు పంపదు. కొన్ని శాంపిళ్ళు (శబ్దాన్ని కొలిచిన చిన్న ముక్కలు) పోగయ్యేదాకా ఆపి, ఒక్కసారిగా వదులుతుంది. ఆ పోగుచేసే చోటే బఫర్. అది పెద్దదైతే నిండడానికి ఎక్కువసేపు పడుతుంది. చిన్నదైతే త్వరగా నిండుతుంది గానీ, తలుపు తీసేవాడు క్షణం ఏమరినా పని చెడుతుంది.

లెక్క చూడండి. సెకనుకు 48,000 శాంపిళ్ళ చొప్పున పనిచేస్తుంటే 256 శాంపిళ్ళ బఫర్ నిండడానికి 5.3 మిల్లీసెకన్లు పడుతుంది. 128 అయితే 2.7, 64 అయితే 1.3, అదే 1024 పెడితే 21.3. ఇది ఒకవైపు లెక్కే. మీరు పాడింది లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, హెడ్‌ఫోన్‌కి బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి పడుతుంది. దానికి తోడు అనలాగ్‌ని డిజిటల్‌గా, డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే కన్వర్టర్లు కొంత తింటాయి. ఇవి చాలక, యూఎస్‌బీ డ్రైవరు (ఇంటర్‌ఫేస్‌కీ కంప్యూటరుకీ మధ్య మాట్లాడే ప్రోగ్రాం) తన జాగ్రత్త కోసం పైకి చెప్పకుండా మరికొంత దాచుకుంటుంది. రెండు కంపెనీల పెట్టెల్లో ఒకే 128 పెట్టినా అసలు ఆలస్యం వేరువేరుగా రావడానికి కారణం ఎక్కువగా ఈ దాచిన బఫరే. అందుకే ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు పెట్టె కంటే డ్రైవరు ముఖ్యమని అంటాను.

ఎన్ని మిల్లీసెకన్ల లోపు ఉంటే ఫరవాలేదు?

గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం, స్పీకరుకి మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి వినడంతో సమానం. స్టేజి మీద అంత దూరం మనకి అలవాటే. కాబట్టి కీబోర్డు వాయించేవాళ్ళకి మొత్తం మీద 10 లోపు ఉంటే హాయిగా ఉంటుంది. వయొలిన్ల గుంపు, ప్యాడ్ లాంటి మెల్లగా లేచే టోన్లకి ఇంకొంచెం ఎక్కువైనా తెలియదు. డ్రమ్ ప్యాడ్లు, తబలా, మృదంగం టోన్లు వాయించేవాళ్ళకి మాత్రం 10 దాటితే చేతికి తెలిసిపోతుంది. గమకం కోసం పిచ్ వీల్ (స్వరాన్ని పైకీ కిందికీ జరిపే చక్రం) తిప్పేవాళ్ళకీ అంతే. చెవికి వినిపించేదాన్ని బట్టి వేలు తిప్పుతాం కదా, అది ఆలస్యమైతే స్వరం కుదురుగా నిలవదు.

అందరికంటే కష్టం గాయకులది. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడేటప్పుడు మన గొంతు ఎముకల గుండా అప్పటికప్పుడు చెవికి చేరుతుంది. అదే గొంతు కంప్యూటరు తిరిగి కొద్దిగా వెనక వస్తే రెండూ కలిసి డొల్లగా వినిపిస్తుంది. దీనికి మందు డైరెక్ట్ మానిటరింగ్. ఇంటర్‌ఫేస్ మీద ఆ మీట నొక్కితే మీ గొంతు కంప్యూటరులోకి వెళ్ళి రాకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వస్తుంది. అప్పుడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటర్‌ని ఆపేయాలి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. కేవలం పాటలు రికార్డు చేసుకునేవాళ్ళు ఇది వాడుకుంటే బఫర్ గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

ఇక మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు 1024 పెట్టేయండి. అక్కడ ఆలస్యంతో పనిలేదు.

ఏమీ కొనకుండా తగ్గించుకునే దారి ఉందా?

ఉంది, ముందు అదే చేయండి. విండోస్‌లో మామూలుగా ఎంఎంఈ, డైరెక్ట్‌సౌండ్ అనే పాత దారుల్లో శబ్దం వెళ్తుంది. వాటి ఆలస్యం వంద మిల్లీసెకన్ల దాకా పోగలదు. స్టైన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన ఆసియో పద్ధతి ఆ మధ్యలోవాళ్ళందరినీ దాటించి సాఫ్ట్‌వేర్‌ని నేరుగా హార్డ్‌వేర్‌తో మాట్లాడిస్తుంది. లాప్‌టాప్ చిప్పుకి సరైన ఆసియో డ్రైవరు లేకపోతే ఆసియో ఫర్ ఆల్ గానీ, ఫ్లెక్స్ ఆసియో గానీ ఉచితంగా వేసుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే విండోస్‌లోనే ఉండే వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ కూడా బాగుంటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నవన్నీ ఆపేయండి.

మిడీ కీబోర్డు (శబ్దం కాకుండా ఏ మెట్టు నొక్కామో కంప్యూటరుకి చెప్పేది) మాత్రమే వాయించేవాళ్ళకి చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోతుంది. వాళ్ళకి మైకు దారి అక్కర్లేదు, బయటికి వచ్చే దారి ఒక్కటే కావాలి. మిడీ కేబుల్‌లో ఒక స్వరం వెళ్ళడానికి పట్టేది ఒక మిల్లీసెకనే.

ఇంటర్‌ఫేస్ కొన్నా ఆలస్యం తగ్గలేదండి. పెట్టె పాడా?

పెట్టెని అనే ముందు మాస్టర్ ట్రాక్ (అన్ని శబ్దాలూ చివరికి కలిసే ట్రాక్) మీద ఏమేం ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాంలు) ఉన్నాయో చూడండి.

రాజోలు దగ్గర ఒక చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు క్రిస్మస్ ప్రాక్టీసుల్లో ఇదే గొడవతో పిలిచాడు. బఫర్ 128, డ్రైవరు కంపెనీది, అంతా సరిగ్గానే ఉంది. అయినా మెట్టు నొక్కితే, వేలు కిందికి ఆనాక ఒక ఖాళీ, ఆ తర్వాతే పియానో పలుకుతోంది. వెనక క్వయర్ చప్పట్లు అతని ఎడమచేతి కంటే ముందుంటున్నాయి. మాస్టర్ ట్రాక్ తెరిస్తే వీడియో పాఠంలో చూసి పెట్టిన లిమిటర్, లీనియర్ ఫేజ్ ఈక్వలైజర్ ఉన్నాయి. ఆ రెండూ ఆపి మెట్టు నొక్కగానే వేలితోపాటే పలికింది. అతను అదే మెట్టును నాలుగైదుసార్లు ఊరికే నొక్కి చూసుకున్నాడు.

ఇలాంటి ప్లగిన్లు రాబోయే శబ్దాన్ని ముందే చూసి పనిచేస్తాయి. ముందు చూడాలంటే కాసేపు ఆపాలి కదా. స్వరం సరిచేసే ప్లగిన్లలోనూ కొన్ని ఇంతే. వాయించేటప్పుడు, పాడేటప్పుడు అవి ఆపి, మిక్సింగ్‌లో పెట్టుకోండి.

బఫర్ తగ్గించగానే చిటపటలు వస్తున్నాయి. కొత్త లాప్‌టాప్ కొనాలా?

వెంటనే వద్దు. బఫర్ నిండేలోపు ప్రాసెసర్ ఆ ముక్క పని ముగించలేకపోతే అక్కడ శబ్దం తెగుతుంది, మనకి చిటపట అని వినిపించేది అదే. ప్రాసెసర్ బలం చాలకే కాదు, మధ్యలో వేరే డ్రైవరు ఎవరో దాన్ని పట్టుకుని వదలకపోయినా ఇలా అవుతుంది. లేటెన్సీమాన్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవరు ఎంతసేపు అడ్డం పడుతోందో పేరుతో సహా చూపిస్తుంది.

చాలాసార్లు దొరికే దొంగ వైఫై. వాయించేటప్పుడు వైఫై, బ్లూటూత్ రెండూ ఆపేయండి. తర్వాత అనుమానించాల్సింది గేమింగ్ లాప్‌టాప్‌లలో ఉండే విడి గ్రాఫిక్స్ డ్రైవరు, ఆ తర్వాత బ్యాటరీని గమనించే డ్రైవరు. పవర్ సెట్టింగ్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. యాంటీవైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్ ప్రోగ్రాం మధ్యలో మొదలవకుండా ముందే చూసుకోండి.

ఇంకోటి ఎండ. మే నెలలో రాజమండ్రి వైపు రేకుల షెడ్డు కింద ప్రోగ్రాం అంటే మొదటి అరగంట బాగానే ఉండి, ఆ తర్వాత చిటపటలు మొదలవుతాయి. లోపల వేడెక్కి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకోవడం వల్ల వచ్చే బాధ ఇది. లాప్‌టాప్ వెనకవైపు కింద రెండు చెక్కముక్కలు పెట్టి ఎత్తండి, ఫ్యాన్ సందుల్లో దుమ్ము తీయించండి, గుడ్డ పరిచిన బల్ల మీద పెట్టకండి. స్టేజి మీద 64 కోసం పంతం పట్టొద్దు, 128 గానీ 256 గానీ పెట్టుకుని ధైర్యంగా వాయించుకోండి. మధ్యలో శబ్దం తెగడం కంటే మూడు మిల్లీసెకన్లు ఆలస్యం నయం.

ఏ ఇంటర్‌ఫేస్ కొనమంటారు?

ఒక్కరే పాడుకుంటూ, వాయించుకుంటూ ఉంటే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో సరిపోతుంది. ఇద్దరు ఒకేసారి పాడాలన్నా, వయొలిన్‌కి ఒకటి, మృదంగానికి ఒకటి మైకు పెట్టాలన్నా రెండు మైకు ఇన్‌పుట్లు ఉండే స్కార్లెట్ 2ఐ2, ఆడియెంట్ ఈవో 4, మోటూ ఎం2 లాంటివి చూడండి. నా ఓటు ఎం2కి. దాని డ్రైవరు చిన్న బఫర్ల దగ్గర కూడా బాగా నిలబడుతుంది. డబ్బు ఉంటే ఆర్‌ఎంఈ బేబీఫేస్ ఉంది. ఆ కంపెనీ పాత పెట్టెలకి కూడా ఏళ్ళ తరబడి డ్రైవర్లు ఇస్తూనే ఉంది, డ్రైవరు విషయంలో దానికి వంక పెట్టలేం.

తక్కువలో బెరింగర్ పెట్టెలు ఎక్కువమంది తీసుకుంటారు. ఒక తేడా గమనించండి. యూఎంసీ22కి సొంత ఆసియో డ్రైవరు లేదు, ఆసియో ఫర్ ఆల్ మీదే నడవాలి. యూఎంసీ202హెచ్‌డీకి సొంత డ్రైవరు ఉంది. ధరలో తేడా పెట్టి రెండోదే తీసుకోండి.

మెడిసిన్ డబ్బా అంత ఉండే యూఎస్‌బీ డాంగిల్స్, రంగురంగుల బటన్లతో వచ్చే లైవ్ సౌండ్ కార్డులు ఈ పనికి కాదు. చప్పట్లు, నవ్వులు వినిపించే ఆ పెట్టెలు లైవ్ వీడియోలకి బాగుంటాయి. వాటికి సొంత ఆసియో డ్రైవరు ఉండదు.

టైప్ సీ, యూఎస్‌బీ 3, థండర్‌బోల్ట్ ఉంటే ఆలస్యం తగ్గుతుందా?

టైప్ సీ అనేది పిన్ను ఆకారం మాత్రమే. రెండు ఛానళ్ళ ఆడియోకి సెకనుకు రెండు మూడు మెగాబిట్లు చాలు, యూఎస్‌బీ 2.0కి ఉన్న సామర్థ్యం 480. థండర్‌బోల్ట్ బాగుంటుంది గానీ రెండు మైకుల పనికి అంత ఖర్చు దండగ. హబ్ మధ్యలో పెట్టకుండా నేరుగా లాప్‌టాప్‌కే తగిలించడం మాత్రం మర్చిపోవద్దు.

ర్యామ్ పెంచితే, ఎస్‌ఎస్‌డీ వేయిస్తే?

లేటెన్సీ తగ్గదు. కానీ వీణ, సితార్, స్ట్రింగ్స్ లాంటి పెద్ద శాంపిల్ లైబ్రరీలు వాడేవాళ్ళకి రెండూ అవసరమే. పాత హార్డ్ డిస్కు మీద ఆ స్వరాలు సమయానికి అందక తెగిపోతాయి. ఎస్‌ఎస్‌డీ వేశాక ఆ బాధ ఉండదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడొచ్చా?

వద్దు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం 150 మిల్లీసెకన్ల పైమాటే. తీగ ఉన్నవే వాడండి.

96 కిలోహెర్ట్జ్‌లో పెడితే లేటెన్సీ సగమవుతుందట, నిజమేనా?

అదే 128 బఫర్‌కి సమయం సగమవుతుంది, నిజమే. అయితే ప్రాసెసర్ మీద బరువు దాదాపు రెట్టింపవుతుంది, చివరికి బఫర్ పెంచుకోవాల్సి వస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుని ఆ సంగతి మర్చిపోండి.

మిక్సర్‌కి తగిలించగానే గుయ్‌మని మోత వస్తోంది. కార్డు మార్చాలా?

ఇది మన దగ్గర లేటెన్సీ కంటే పెద్ద సమస్య. దీనికి కార్డు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందుగా లాప్‌టాప్ ఛార్జర్ పీకేయండి. బ్యాటరీ మీద మోత పోయిందంటే ఇంటర్‌ఫేస్‌లో తప్పు లేదు, కరెంటు దారిలో ఉంది. రెండు పిన్నుల ఛార్జర్ పెట్టినప్పుడు లాప్‌టాప్ లోహపు మూత మీద వేలి వెనకభాగంతో తేలిగ్గా రాస్తే చిమచిమలాడుతుంది చూడండి. ఛార్జర్ లోపలి కెపాసిటర్ల గుండా కొద్దిగా కరెంటు అక్కడికి చేరడం వల్ల అలా అవుతుంది. ఎర్త్ లేకపోతే అది ఆడియో కేబుల్ గుండా మిక్సర్‌లోకి దారి వెతుక్కుంటుంది.

మూడు పిన్నుల ఛార్జర్ అయినా మోత రావచ్చు. లాప్‌టాప్ ఫంక్షన్ హాలు ప్లగ్గులో, మిక్సర్ జనరేటర్ లైనులో ఉంటే రెండు ఎర్త్‌లు వేరువేరు. ఆ రెండింటి మధ్య తేడా ఆడియో కేబుల్ పైతొడుగు మీదుగా పారుతుంది. అందుకని రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. ఇంటర్‌ఫేస్ నుంచి మిక్సర్‌కి బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు (మోతని తగ్గించే మూడు తీగల కేబుళ్ళు) వేయండి. అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ మధ్యలో పెట్టి, ఆడియో కేబుల్ గ్రౌండ్‌ని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి.

ఎర్త్ పిన్ను విరిచేసి మోత పోయిందని సంతోషించేవాళ్ళు కనిపిస్తుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. వానకి తడిసిన పందిట్లో, చెప్పుల్లేని కాళ్ళతో నిలబడి మైకుకి పెదవులు ఆనించేవాళ్ళు ఉంటారు. ఏదైనా యాంప్లిఫయర్‌లో షార్ట్ అయితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో రికార్డింగ్ గది పెట్టుకునేవాళ్ళు సౌండ్ ప్రూఫింగ్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ గుంత వేయించుకోవాలి. నీరు పైకే ఉండే నేల కాబట్టి మన దగ్గర ఎర్త్ బాగా పడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో రాడ్డు జాయింటు తుప్పు పడుతుంది, ఏడాదికోసారి చూపించుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వెళ్ళగానే స్పీకర్లలో బర్రుమంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ గోల ఉండదు. రికార్డింగ్ వరకు లాప్‌టాప్ బ్యాటరీ, దాని యూఎస్‌బీతోనే నడిచే ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే కరెంటుతో సంబంధమే లేదు. మన ఊళ్ళలో అంతకంటే నిశ్శబ్దమైన స్టూడియో దొరకదు.

మైకు కండెన్సర్ కొనాలా, డైనమిక్ కొనాలా?

గది నిశ్శబ్దంగా ఉంటే కండెన్సర్. దానికి ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ (మైకుకి కరెంటు ఇచ్చే) మీట వేయాలి. కానీ పక్క చెరువులో ఏరియేటర్లు, ఎదురింటి మోటారు, ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకు, అన్నీ అది పట్టేస్తుంది. మామూలు ఇంట్లో నోటికి దగ్గరగా పెట్టుకుని పాడే డైనమిక్ మైకే నేను చెప్తాను. నాదస్వరం, డోలు లాంటి గట్టి వాయిద్యాలకి ఇంటర్‌ఫేస్ మీద ప్యాడ్ మీట (లోపలికి వచ్చే శబ్దాన్ని తగ్గించేది) ఉంటే వేసి, గెయిన్ బాగా తగ్గించి మొదలుపెట్టండి.

తేమకి ఈ సామాన్లు పాడవుతాయా?

అవుతాయి. కండెన్సర్ మైకుల్లో తేమ చేరితే టప్‌టప్ మని శబ్దాలొస్తాయి, కార్డే పాడైందనుకుంటాం. మైకు, ఇంటర్‌ఫేస్ రెండూ గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచుకోండి. ఏసీ కారులోంచి తీసి ఉక్కపోతలోకి తేగానే ఆన్ చేయకండి, కాసేపు డబ్బాలోనే ఉంచి బయటి వేడికి అలవాటు కానివ్వండి.

మ్యాక్, లినక్స్ వాళ్ళ సంగతి?

మ్యాక్‌లో కోర్ ఆడియో మొదటి నుంచీ ఈ పనికి తగ్గట్టే ఉంది, ఆసియో గొడవ లేదు. లినక్స్‌లో ఇప్పుడు శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ వచ్చాక పని చాలా తేలికైంది. రియల్ టైమ్ పనికి కావాల్సిన మార్పులు 2024లో వచ్చిన 6.12 వెర్షన్‌తో అసలు కెర్నల్ (లినక్స్ గుండెకాయ)లోనే కలిసిపోయాయి. ఉబుంటు స్టూడియో వేసుకుంటే చాలా అమరికలు చేసే ఉంటాయి. కొనే ముందు ఆ ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ (విడి డ్రైవరు లేకుండానే పనిచేసేది) అవునో కాదో చూసుకుంటే సరి.

నా లాప్‌టాప్‌లో అసలు ఆలస్యం ఎంతో కొలిచేదెలా?

సాఫ్ట్‌వేర్ చూపించే అంకె డ్రైవరు చెప్పుకునే అంకె. దాన్ని నమ్మకుండా మీరే కొలవండి. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి దాని లైన్ ఇన్‌లోకే ఒక కేబుల్ వేయండి. డైరెక్ట్ మానిటరింగ్ ఆపేసి, సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటర్ కూడా ఆపండి, లేకపోతే కీచుమంటుంది. రికార్డింగ్ ఆఫ్‌సెట్‌ని తనంతట తాను సరిచేసే సెట్టింగు ఉంటే అదీ ఆపాలి. ఇప్పుడు ఒక ట్రాక్‌లో క్లిక్ శబ్దం పెట్టి, ఇంకో ట్రాక్‌లో రికార్డు చేయండి. స్క్రీన్ మీద బాగా పెద్దది చేసి చూస్తే పై ట్రాక్‌లో గీత నిటారుగా లేచిన చోటు, కింది ట్రాక్‌లో అదే గీత లేచిన చోటు ఎడంగా కనిపిస్తాయి. ఆ ఎడాన్ని శాంపిళ్ళలో చూడండి. 48 కిలోహెర్ట్జ్‌లో 480 శాంపిళ్ళు వస్తే సరిగ్గా 10 మిల్లీసెకన్లు. బఫర్ మార్చి మార్చి చూసి, చిటపట రాని అతి చిన్న అంకె ఏదో కాగితం మీద రాసుకోండి.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, మంచి పెట్టెలు ఏళ్ళ తరబడి పనిచేస్తాయి. ముందు కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కి మీ విండోస్‌కి సరిపడే డ్రైవరు ఉందో లేదో చూడండి. ఫైర్‌వైర్ పిన్ను ఉన్న పాతవి ఎంత చవకగా ఇచ్చినా వద్దు, తగిలించడానికి కొత్త లాప్‌టాప్‌కి చోటుండదు. అమ్మేవాళ్ళ దగ్గరికి మీ లాప్‌టాప్, ఒక కేబుల్, ఒక కండెన్సర్ మైకు తీసుకెళ్ళండి. ఫాంటమ్ వేసి మైకు పలుకుతోందా, గెయిన్ నాబ్ తిప్పుతుంటే కరకరమంటోందా, యూఎస్‌బీ పిన్ను కొద్దిగా కదిపితే కనెక్షన్ పోతోందా చూడండి. పైన చెప్పిన కేబుల్ పరీక్ష అక్కడే చేసి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వండి.